నాన్నకు పెట్టిన పథ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో వంట పొయ్యి దగ్గరికి అమ్మ వెళ్ళకూడని కాలం ఒకటి నడిచింది. బియ్యం ఏరడం, కూరలు తరగడం, అంట్లు తోమడం అమ్మ పని. గిన్నె పొయ్యి మీదికి ఎక్కిందంటే అది మామ్మది. నాన్న తల్లిని మేం మామ్మ అనేవాళ్ళం. నాన్నకు వడ్డించేదీ ఆవిడే. అమ్మ గుమ్మం ఇవతల నిలబడి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ, ఆయన ఎంత తిన్నాడో చూసుకుని పెరట్లోకి వెళ్ళిపోయేది. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళు. అందరిళ్ళలోనూ ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

మాది గోదావరి పాయల మధ్య లంక ఊరు. నాన్నది అరటి తోట. గెలని ఒక్క ఊపులో భుజానికి ఎత్తుకునే మనిషి, చూస్తూ ఉండగానే చొక్కాలో మనిషి ఉన్నాడా లేడా అన్నట్టు అయిపోయాడు. తిన్నది ఒంటికి పట్టేది కాదు. కడుపు ఉబ్బరం, నోట్లో పుళ్ళు, తెల్లారకముందే మొదలయ్యే విరేచనాలు. తోటకని బయలుదేరి సగం దారిలోంచి వెనక్కి వచ్చేసేవాడు. రక్తం లేదని సూదులు వేశారు. నులిపురుగులేమోనని బిళ్ళలు మింగించారు. ఏ మందు వాడినా నాలుగు రోజులు నయంగా ఉండేది, తరవాత మళ్ళీ మొదటికి వచ్చేది.

దీనికంతటికీ ముందు నాన్నకు ఒక జ్వరం వచ్చింది. కొన్నాళ్ళు అన్నం మాని గోధుమ నూక జావ తాగమని ఊళ్ళో డాక్టరుగారు చెప్పారు. జ్వరం పోయింది, జావ మాత్రం ఉండిపోయింది. నీరసమంటే జావ, అరగలేదంటే జావ, విరేచనాలైతే ఇంకాస్త జావ. మా వైపు మనిషికి బాగోలేదంటే మొదట ఆపేది అన్నమే. చూడవచ్చిన వాళ్ళు కూడా రొట్టె ప్యాకెట్టు పట్టుకుని వచ్చేవాళ్ళు. మామ్మ ఆ జావని ఎంత శ్రద్ధగా కాచేదో నాకు గుర్తుంది. ఉండ కట్టకుండా, అడుగంటకుండా, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని కలుపుతూనే ఉండేది. గ్లాసు చేతికిచ్చి, ఆఖరి గుక్క దాకా కొడుకు మొహంలోకి చూస్తూ నిలబడేది.

మందు పెట్టడం అనే మాట నేను మొదటిసారి విన్నది ఆ రోజుల్లోనే. మొగుడు తన మాట వినాలని భార్య అన్నంలో ఏదో కలిపి పెడుతుందట. అది కడుపులో ముద్దలా అతుక్కుపోయి మనిషిని లోపల్నించి తినేస్తుందట. నాన్న ఏ పని చేసినా అమ్మని ఒక మాట అడిగి చేసేవాడు. రుజువుగా అదొక్కటీ చాలింది. రేవులో ఎవరో అన్నారు, మామ్మ చెవిలో పడింది. ఆ మర్నాడే పొయ్యి చేతులు మారింది. అమ్మ గరిటె ఇచ్చేసి బియ్యం చాట ముందేసుకుంది. నాన్న మాత్రం, "ఎందుకమ్మా ఇదంతా" అన్నాడు. "నువ్వూరుకోరా, నీకు తెలీదు" అంది మామ్మ.

ఏటవతల ఊళ్ళో మందు కక్కించే ఆయన ఉన్నాడని తెలిసి నాన్నని తీసుకెళ్ళారు. నాన్నకు ఇష్టం లేదు, కాదనే ఓపికా లేదు. నన్ను తోడు రమ్మన్నారు, అమ్మని వద్దన్నారు. ఆయన ఏదో ఆకు పసరు తాగించి, బూడిద పోసిన బేసిను ముందు నాన్నని కూర్చోబెట్టాడు. నాన్న కక్కాడు. కడుపులో ఏమీ మిగలకపోయినా, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే కక్కుతూనే ఉన్నాడు. నేను వీపు రాస్తున్నాను. వెన్నుపూసలు ఒక్కొక్కటే చేతికి తగులుతున్నాయి. తరవాత ఆ పెద్దమనిషి పుల్లతో బూడిదంతా కదిపి, నల్లటి ముద్ద ఒకటి పక్కకి తీసి, "ఇదిగో తల్లీ, కళ్ళారా చూసుకో" అన్నాడు. మామ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఆ సాయంత్రం నాకు జడ వేస్తూ అమ్మ మెల్లిగా అడిగింది.

"అక్కడేం చూశావే?"

"నాన్న మందు కక్కాడు. నల్లగా ముద్దలా ఉంది."

"నాన్న నోట్లోంచి పడటం చూశావా?"

ఆలోచించాను. "లేదు. ఆయన పుల్లతో తిప్పాక కనబడింది."

"అయితే అంతే చెప్పు. చూసింది చూసినట్టు చెప్పు. చూడంది కలపకు."

అమ్మ గొంతులో కోపం లేదు. లెక్క తప్పు చేస్తే దిద్దినట్టు చెప్పింది, అంతే.

నాన్నకు తగ్గలేదు. ఆ శ్రావణంలో వరద వచ్చింది. ఇళ్ళలోకి నీళ్ళొచ్చాక ఊరంతా బడి మేడ మీదికి చేరాం. పడవల మీద పులిహోర పొట్లాలు వచ్చేవి, తరవాత బియ్యం బస్తాలొచ్చాయి. ఆడవాళ్ళంతా కలిసి ఒకే పొయ్యి మీద వండేవారు. అక్కడ ఎవరు ఏ గిన్నె దించారో చూసేంత తీరిక ఎవరికీ లేదు. అమ్మ మళ్ళీ గరిటె పట్టుకుంది. గోధుమ నూకా లేదు, రొట్టె అమ్మే మనిషీ రాడు. నాన్న కూడా అందరితోపాటు అన్నమూ, చింతపండు పచ్చడీ తిన్నాడు. ఆ మురికిలో, ఆ నీళ్ళతో అందరి కడుపులూ పాడవుతుంటే నాన్న కడుపు కుదుటపడింది. నీళ్ళు తీశాక కూడా దారులు బాగుపడేదాకా అదే తిండి. నాన్న మారు అడిగి అన్నం పెట్టించుకోవడం చూసి మా వీధావిడ, "ఏంటి తమ్ముడూ, వరదొచ్చి మేమంతా నీరుగారిపోతుంటే నువ్వేంటి పెళ్ళికొడుకులా తయారవుతున్నావు!" అంది. నాన్న నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళైందో! అమ్మ నవ్వలేదు. గరిటె పట్టుకుని ఆయన కంచం వంకే చూస్తూ ఉండిపోయింది.

కక్కించింది ఇన్నాళ్ళకి పనిచేసిందని మామ్మ సంబరపడింది. ఇల్లు కడుక్కుని కుదురుకోగానే, కొడుకుకి బలం రావాలని మళ్ళీ జావ మొదలుపెట్టింది. పొయ్యి మళ్ళీ ఆవిడ చేతికి వెళ్ళింది. కొద్ది రోజులకే నాన్న సగం దారిలోంచి వెనక్కి రావడం కూడా మొదలైంది.

అమ్మ ధైర్యం చేసి ఒకే ఒక్కసారి అడిగింది. "అత్తయ్యగారండీ, కొన్నాళ్ళు ఆ గోధుమ నూక ఆపి చూద్దామండి. బళ్ళో ఉన్నన్నాళ్ళూ అన్నమే కదండీ తిన్నారు, బాగానే ఉన్నారు కదా."

మామ్మ గరిటె కింద పెట్టేసింది. "అంటే ఏంటి? నా కొడుక్కి నా చేతి తిండి పడట్లేదనా? నేను పెడుతున్నానా వాడికి మందు?"

అమ్మ తల దించుకుంది. ఇంకెవరు ఆ మాట చెప్పినా వినేవారేమో. ఆ మాట అమ్మ నోట్లోంచి వచ్చింది కాబట్టి అది ఎదురు నింద అయిపోయింది.

ఒక మధ్యాహ్నం బడికి సెలవు. మామ్మ నిద్రపోతోంది. అమ్మ పెరట్లో నీళ్ళ పొయ్యి మీద బాండీ పెట్టి బియ్యపు నూక వేయిస్తోంది. రంగు గోధుమ నూకలా తిరిగేదాకా, ఓపిగ్గా, సన్నటి సెగ మీద వేయించింది. మామ్మ కళ్ళకి శుక్లాలు ఉన్నాయి. తరవాత అమ్మ వంటగదిలోకి వెళ్ళి డబ్బాలో గోధుమ నూకని కోళ్ళకి వేసేసి, తను వేయించింది అందులో పోసి మూత పెట్టింది. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో నేను.

ఇంట్లో వాళ్ళ కళ్ళు కప్పి నాన్న తిండిలో ఏదో మారుస్తోందని అమ్మ మీద నింద. ఆ రోజు అమ్మ అచ్చంగా అదే పని చేస్తోంది. పట్టుబడితే ఏమవుతుందో నాకే తెలిసింది, అమ్మకి తెలియదా? ఆవిడ మొహం పాలిపోయింది. కానీ చెప్పొద్దని నన్ను బతిమాలలేదు.

"మామ్మ అడిగితే ఏం చెప్పనమ్మా?" అన్నాను నేనే.

"చూసిందే చెప్పు" అంది.

నాన్న కోలుకున్నాడు. చూడవచ్చిన వాళ్ళు తెచ్చిన రొట్టెల్ని అమ్మ మా పిల్లలకే పెట్టేసేది. మామ్మ రెండు పూటలా జావ కాచి, కొడుకు తేరుకుంటుంటే దేవుడి గదిలో దణ్ణాలు పెట్టుకునేది. ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడుతోందో అమ్మకి పట్టలేదు. అలా జరిగిపోయి ఉంటే ఎంత బాగుండేది! కానీ కళ్ళు సరిగా కనబడకపోయినా మామ్మ చేతికి తెలిసిపోయింది. గరిటె తిరగడంలో ఏదో తేడా. ఒక రోజు చిటికెడు నోట్లో వేసుకుని నమిలింది. నన్ను పిలిచి, గడ్డం పట్టుకుని, "అమ్మలూ, నిజం చెప్పు. మీ అమ్మ ఈ డబ్బా ముట్టుకుందా?" అని అడిగింది.

చెప్పాను. "గోధుమ నూక కోళ్ళకి వేసింది మామ్మా. బియ్యపు నూక వేయించి పోసింది. ఇంకేదీ కలపడం నేను చూడలేదు."

ఆఖరి మాట మామ్మకి వినబడలేదు. డబ్బా తీసుకెళ్ళి కాలవలో కుమ్మరించింది. కొత్త నూక తెప్పించి తన ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఊరంతా విన్నారు. అమ్మ చేతులు కట్టుకుని నిలబడి, "ఆయనకి మాత్రం పెట్టకండి అత్తయ్యగారూ, నన్నేమైనా అనండి" అంటూనే ఉంది. ఎవరూ వినలేదు.

ఈసారి నాన్న త్వరగా పడిపోయాడు. అరటి బోదెల మధ్య స్పృహ లేకుండా పడి ఉంటే మోసుకొచ్చారు. ఆటోలో కాకినాడ తీసుకెళ్ళాం. దారంతా నాన్న తల అమ్మ ఒళ్ళో, కాళ్ళు మామ్మ ఒళ్ళో.

ఆసుపత్రిలో ఒక డాక్టరమ్మ గారు అన్నీ ఓపిగ్గా అడిగారు. ఎప్పటినుంచి, ఏ పూట, ఏం తింటే. అమ్మ వరద సంగతి చెప్పింది. బియ్యపు నూక సంగతి, తాను డబ్బా మార్చిన సంగతి, ఏదీ దాచకుండా చెప్పింది. ఆవిడ రాసుకోవడం ఆపి అమ్మ వంక చూశారు. తరవాత, "ఇంట్లో ఆయనకి పెట్టేది ఎవరు?" అన్నారు.

"నేనేనండి" అంది మామ్మ.

నోట్లోంచి గొట్టం వేసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. గోధుమలో ఉండే పదార్థం ఒకటి కొందరి పేగులకి పడదట, అది తిన్నకొద్దీ పేగు లోపలి పొర అరిగిపోతుందట. "అన్నం తినే ఊళ్ళలో ఇది అంత తొందరగా ఎవరికీ తట్టదమ్మా. ఇక జన్మలో గోధుమ ముట్టుకోకపోతే మామూలుగానే ఉంటారు" అన్నారు. మామ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక ఆవిడ పొయ్యి దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. అమ్మకి క్షమాపణ లాంటిదేదీ చెప్పడం నేను వినలేదు. అంతకుముందు నాకు ముద్దలు కలిపి పెట్టేది మామ్మే. కంచం పట్టుకుని దగ్గరికెళితే చేతులు కొంగులో దాచేసుకుని, "మీ అమ్మనడుగు తల్లీ" అనేది. పోయేదాకా ఆవిడ చేత్తో ఎవరికీ ఏమీ పెట్టలేదు. బిస్కెట్టు కూడా.

ఒక్కటి మాత్రం చేసింది. కర్ర పట్టుకుని, తాను ఆ నింద చెప్పుకున్న ప్రతి ఇంటికీ తిరిగింది. "మందూ లేదు ఏమీ లేదు. నా కోడలు మంచిది. నేనే తెలీక పెట్టాను" అని గుమ్మం గుమ్మానికీ చెప్పింది. అందరూ మరేనండి, మరేనండి అన్నారు. ఆ మర్నాడు పంపు దగ్గర బిందెతో నిలబడి ఉండగా నా ముందున్న ఆవిడ పక్కావిడతో అన్న మాట నా చెవులతో నేను విన్నాను. "చూశావా వదినా, అత్తగారిక్కూడా పెట్టేసింది."

ఇది జరిగి చాలా ఏళ్ళైంది. నాన్న బాగున్నాడు, మళ్ళీ గెలలు మోస్తున్నాడు. నేను ఎవరితోనూ ఎక్కువ మాట్లాడను. రోజూ రాత్రి డైరీ రాసుకుంటాను. అందులో కూడా అమ్మ చెప్పినట్టే, చూసినంతవరకే రాయడానికి ప్రయత్నిస్తాను. అనుకున్నంత తేలిక కాదది.

మొన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. ప్రసాదం గోధుమ నూకతోనే చేయాలి కదా, అమ్మే చేసింది. నాన్న తన వంతు కళ్ళకద్దుకుని, తినకుండా నాకిచ్చేశాడు. వచ్చినవాళ్ళకి అమ్మ వరసగా పెట్టుకుంటూ వెళుతోంది. పంపు దగ్గర ఆ మాటన్న ఆవిడా వచ్చింది, ఇప్పుడు ముసలిదైపోయింది. అమ్మ చేతిలోంచి ప్రసాదం తీసుకుని కళ్ళకద్దుకుంది. అమ్మ ముందుకి కదిలాక, దాన్ని ఆకులో చుట్టి సంచిలో పెట్టుకుంది. అమ్మ చూసింది. నేనూ చూశాను.

ఆ రాత్రి డైరీ ముందు చాలాసేపు కూర్చున్నాను. రాయాలనిపించిన మాటలు చాలా ఉన్నాయి. చివరికి, ఆవిడ ప్రసాదం కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకుంది అని మాత్రం రాశాను. నాన్న ఎందుకు తినలేదో నాకు తెలుసు. ఆవిడ ఎందుకు తినలేదో నేను చూడలేదు.