నర్సమ్మ భాషలో ఇవ్వడం

నా చిన్నప్పుడు మా ఇంట్లో దీపం పెట్టాక ఉప్పు గడప దాటేది కాదు. ఉప్పు వెంటే లక్ష్మి వెళ్ళిపోతుందని మా నాయనమ్మ నమ్మకం. ఆవిడ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు ఇంట్లో లేరు.

మాది తిరువూరు చివర, రోడ్డు మీది ఇల్లు. ఒక సాయంత్రం బెజవాడ బస్సు మా వాకిట్లోనే చెడిపోయింది. అందులోంచి ఒక కూలీ తల్లి చంటిబిడ్డతో దిగి మా అరుగు మీద కూలబడింది. వెనకే మిషను ఆసుపత్రి నర్సమ్మ దిగింది. ఆమెది లిథువేనియా అనే మంచుదేశం. మా వైపు ఏళ్ళ తరబడి ఉండి వచ్చీరాని తెలుగు మాట్లాడేది.

బిడ్డకు పొద్దుటి నుంచి వాంతులూ విరేచనాలూ. కళ్ళు లోతుకు పోయాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీరు లేదు. కాచిన నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి వెంటనే పట్టాలంది నర్సమ్మ.

"పంచదార ఇస్తాను. దీపం పెట్టాక ఉప్పు ఇవ్వనమ్మా" అంది నాయనమ్మ.

"ఉప్పు లేకపోతే బిడ్డ పోతాడు."

మా తాతయ్య ఏదో అనబోయాడు. "మీరుండండి" అని, నాయనమ్మ గడపలో నిలబడి ఆ బిడ్డను తేరిపార చూసింది. "ఉప్పు బయటికి రాదు. వాణ్ణే లోపలికి తీసుకురండి. మా వంటింట్లో ఎంత కావాలో అంత కలుపుకోండి."

ఆ తల్లి కదల్లేదు. "మేం లోపలికి రాకూడదు కదమ్మా."

"రమ్మంటున్నది నేను. కాళ్ళు కడుక్కుని రా."

ఆ తల్లి కులంవాళ్ళు అంతవరకు మా గడప తొక్కి ఎరగరు. ఇక వంటింటి మాట చెప్పేదేముంది! నాయనమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది. తల్లి చెంచాతో నీళ్ళు పడుతోంది. నర్సమ్మ కంగారులో "దువోక్, దువోక్" అంటోంది.

"అదేం మాటమ్మా?" అని తాతయ్య అడిగాడు. ఆయన చిన్నతనంలో ఒక శాస్త్రిగారి దగ్గర కాస్త సంస్కృతం చదివినవాడు.

"ఇవ్వు అని. మా భాష" అని ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. దువోదు అంటే నేను ఇస్తాను, దువోది అంటే నువ్వు ఇస్తావు, దువోద అంటే ఇస్తాడు. జరిగిపోయినదైతే దవే, ఇచ్చాడు.

తాతయ్యకు తన సంస్కృతం గుర్తొచ్చింది. "దదామి, దదాసి, దదాతి" అన్నాడు.

నర్సమ్మ ఆయన వంక కళ్ళార్పకుండా చూసింది. వాళ్ళ పాత పుస్తకాల్లో నేను ఇస్తానన్నది 'దువోమి' అని ఉంటుందట.

"ఒకే వేరమ్మా!" అన్నాడు తాతయ్య. "మనుషులు విడిపోయి ఎన్ని వేల ఏళ్ళయిందో! ఒకళ్ళు ఎండలోకి, ఒకళ్ళు మంచులోకి. ఇవ్వడం మాత్రం ఇద్దరూ మూట కట్టుకునే వెళ్ళారు." ఎవరికో తెలియదు, చేతులు జోడించాడు.

నేను ఊరుకోలేక, "దువోద అంటే ఇస్తాడా, ఇస్తుందా?" అన్నాను.

"అతను, ఆమె, అందరూ. మాట ఒకటే" అంది నర్సమ్మ.

బాగా చీకటి పడ్డాక బిడ్డ నాయనమ్మ చీర తడిపేశాడు. నర్సమ్మ చప్పట్లు కొట్టింది. ఒంట్లో నీరు నిలిచింది, ఇక భయం లేదంది. "ఉతికిన చీరరా, వెధవా!" అని నాయనమ్మ కసిరింది గానీ వాణ్ణి కిందికి దించలేదు.

నేను చదివింది మూడో తరగతే. చెయ్యి బిగువు మనిషిననే పేరు కూడా ఉంది, కాదనను. మొన్న మా మనవరాలు ఫోనులో వెతికి ఆ మాట వినిపించింది. ఎవరో అమ్మాయి గొంతు 'దువోద' అంది. మళ్ళీ వినిపించమన్నాను. ఆ బిడ్డను బతికించింది నాయనమ్మా, నర్సమ్మా, ఆ తల్లా అన్నది నేను ఈనాటికీ తేల్చలేదు, తేల్చబోను. ఎవరికైనా పిడికెడు బియ్యం పెట్టేటప్పుడు, నాకన్నా ఎంతో పాతదేదో నా చేతిలోంచి ఇస్తున్నట్టుంటుంది. అప్పుడు నా గుప్పిట నాకు తెలియకుండానే కాస్త వదులవుతుంది.