జిగురక్క బొటనవేలు

"నువ్వు అంటించినవే కదా, నీకే నమ్మకం లేదా?" అని అడిగాడు అధికారి, గడియారం చూసుకుంటూ.

గాలి సొరంగంలో పనిచేసే ఆమెను అందరూ జిగురక్క అంటారు. విమానం రెక్క కింద వేలాడే ఇంధనపు ట్యాంకును గాలి ఎటు, ఎంత బలంగా తోస్తుందో అక్కడ కొలుస్తారు. మూరెడు నమూనా ట్యాంకు లోపలి ఉక్కు కడ్డీకి గోరంత రేకులు అంటించి, వాటికి సన్నటి తీగలు అతకడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. కడ్డీ వంగితే తెరమీద అంకె కదులుతుంది. తీగలు తారుమారైతే అంకె అదే వస్తుంది, దిశ తిరగబడుతుంది. అందుకే గాలి వదిలే ముందు ట్యాంకు ముక్కును బొటనవేలితో పైకి నొక్కి, ప్లస్ కనిపిస్తేనే సరేననేది.

ఆ వారం అధికారి తొందరకు పది పరుగులు, అంటే గాలి వదిలి కొలిచే పరీక్షలు, ఆమె నొక్కకుండానే నడిచాయి, ఒక్కొక్కటి ఒక్కో కోణంలో. ముక్కు కిందికి వాలుతుందని అంకెలు చెప్పిన కోణంలో, పరుగులన్నీ అయిన మర్నాడు పైలట్ ఎగురుతూ అసలు ట్యాంకును కిందికి వదలాలి. ముక్కు పైకి లేస్తే ట్యాంకు రెక్కకే తగులుతుంది.

ఇక మిగిలింది ఒక్క పరుగు. "అర నిమిషం సార్," అంటూ ఆమె నొక్కింది.

మైనస్.

"అక్కా, ఇంకోసారి నొక్కు," అన్నాడు సొరంగంలోకి గాలి వదిలే ఫ్యాన్ ఆపరేటర్ మెల్లగా.

మళ్లీ మైనస్సే.

"అంకెల ముందు గుర్తు మార్చేస్తే సరిపోతుందిగా," అన్నాడు అధికారి.

"ఎన్నో పరుగు నుంచి మార్చమంటారు? మధ్యలో తీగలు ఊడితే నేనే మళ్లీ అతికాను. ఎప్పుడన్నది రాసుకోలేదు."

అధికారి ఆమె వైపు తిరిగాడు.

"ఈ ముక్క రాసిచ్చావంటే నీ జీతానికే ఎసరు."

"తెలుసు సార్. కాగితం ఇప్పించండి."

ఇంట్లో భర్త తల పట్టుకున్నాడు. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేది?"

"పైలట్‌కి."

పరుగులన్నీ మళ్లీ నడిపారు. పైలట్‌కి ఇచ్చిన కోణంలో ముక్కు పైకే లేచింది. కోణం మార్చాకే అతను ట్యాంకు వదిలాడు. నిజం చెప్పినవాళ్లకు చప్పట్లు కొడతారనుకునేవాళ్లు ఏ సంస్థలోనూ పనిచేసి ఉండరు. ఆమెకు వచ్చింది వృథా అయిన పరుగుల కరెంటు ఖర్చులో సగం కట్టమన్న ఉత్తర్వు. అధికారి తొందర గురించి అందులో ఒక్క మాట లేదు.

జీతంలోంచి పన్నెండు వాయిదాలు. ఏడు కట్టింది, ఇంకా ఐదు ఉన్నాయి.