నాలుగు రూపాయల రెండణాల బొంత

1946 నవంబరులో రాజాంలో ఒక శిశు సంక్షేమ కేంద్రంలో కుట్టుపని బోధకురాలిగా చేరాను. అప్పటికి రాజాం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. కేంద్రం అంటే రెండు గదులు, ఒక వసారా, ఒక మంత్రసాని, నేను, తాళం వేసిన బీరువా. అందరి కంటే బీరువాకే మర్యాద ఎక్కువ. మా పైన లేడీ సూపర్వైజరు సుభద్రమ్మగారు ఉండేవారు. ఆవిడ విజయనగరం నుంచి నెలకోసారి తనిఖీకి వచ్చి, బీరువా తెరిపించి, అందులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయని సంతోషించి వెళ్లేవారు.

నలుగురిలో నాకు నోరు పెగిలేది కాదు. కాగితం మీద మాత్రం బాగానే రాయగలిగేదాన్ని. రోజూ డైరీ రాసుకోవడం, ట్రంకు పెట్టె అడుగున దాచుకున్న నవలలు చదువుకోవడం తప్ప నాకు వేరే కాలక్షేపం లేదు. అందుచేత కుట్టుపనితోపాటు రాతపని కూడా నా మీదే పడింది.

చేరిన కొత్తలోనే పై ఆఫీసు నుంచి ఒక ఉత్తరువు వచ్చింది. పల్లెల్లో తల్లులు పసిపిల్లలను పాతగుడ్డల బొంతల మీద పడుకోబెడుతున్నారు, ఇది ఆరోగ్యానికి హాని, కాబట్టి శుభ్రమైన నమూనా బొంత ఒకటి కుట్టి అందరికీ చూపించాలి, ముందుగా దానికి కావలసిన సరుకుల ఖరీదు అంచనా వేసి పంపాలి అని.

నేను ఊళ్లో ఆడవాళ్లను కనుక్కుని ఉన్నదున్నట్టు రాశాను. పాత కోకలు రెండు, పాత పంచె ఒకటి, కోక అంచులోంచి లాగిన దారం, ఒక సూది. వీటిలో డబ్బు పెట్టి కొనేది సూది ఒక్కటే. అంచనా తిరుగు టపాలో వెనక్కి వచ్చింది. ధర లేని వస్తువును ప్రభుత్వం ఎలా కొంటుంది, పాత కోకలకు మూడు కొటేషన్లు పంపండి అని ఎర్రసిరాతో రాశారు. ఏ వస్తువు కొనాలన్నా మూడు దుకాణాల నుంచి ధర రాయించి, అందులో తక్కువదాన్ని ఖాయం చేయాలి. అవే కొటేషన్లు.

యుద్ధం ముగిసినా బట్టల మీద కంట్రోలు, అంటే రేషను, పోలేదు. కంట్రోలు బట్టలు అమ్మే లైసెన్సు కామయ్యశెట్టిగారికి ఉండేది. తలవంచుకుని వెళ్లి కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చదివారు.

"పాత కోకలకి కొటేషనా అమ్మాయిగారూ! కొత్తవి నేక జనం నా కొట్టు తలుపులు పీకుతన్నారు. పాతవి మీకాడ ఉంటే సెప్పండి, నేనే కొంటాను. మీరే రాయండి నాకు కొటేషను."

దాంతో రెండో అంచనా కొత్త బట్టతో వేశాను. కిందికి మిల్లు లాంగుక్లాతు, పైకి పువ్వుల చీటిగుడ్డ, మధ్యలోకి దూది, ఏకినందుకు కూలి, దారపు ఉండ, సూది. మొత్తం నాలుగు రూపాయల రెండణాలు. ఊడుపుల్లో వారమంతా నడుం వంచినా ఆ రోజుల్లో ఆడకూలీకి అంత డబ్బు రాదు. అయినా ప్రతి వస్తువుకూ ధర ఉంది కాబట్టి సుభద్రమ్మగారు వెంటనే మంజూరు చేశారు. ప్రభుత్వ కోటాలోంచి బట్ట వచ్చింది, బొంత నేను శ్రద్ధగానే కుట్టాను. స్టాకు రిజిస్టరులో దానికి నంబరు కూడా పడింది.

ప్రదర్శన రోజున వసారా నిండా ఆడవాళ్లు వచ్చారు. పైడమ్మ అనే రైతు ఇంటి పెద్దావిడ, నెలలు నిండిన కోడలు అప్పలనరసమ్మను వెంటబెట్టుకుని ముందు కూర్చుంది. బొంతను వేళ్లతో నలిపి చూసి నా మొహంలోకి చూసింది.

"ఏటమ్మా, పసిగుడ్డుని కొత్తగుడ్డ మీద ఏస్తారేటి? మీ ఊర్లో అలాగేటి?"

పురుడు వెళ్లేదాకా బిడ్డకు కొత్తగుడ్డ తగలనివ్వకూడదట. పిల్లాపాపలతో చల్లగా ఉన్న పెద్ద ముత్తైదువ వాడిన పాతగుడ్డ అయితే ఆవిడ ఆయుష్షు బిడ్డకు వస్తుందట. మరి పాతగుడ్డతోనే కుట్టుకోకపోయారా అని నేను గొణిగాను. జవాబు అప్పలనరసమ్మ చెప్పింది.

"పాతదేదమ్మా? కట్టుకున్నదే పాతది. ఇది ఇప్పి బొంత కుడితే, నేనే ఆ బొంతలో దూరాల."

అందరూ నవ్వారు. ఆఫీసులో ఎవరికీ తట్టని సంగతి అది. కంట్రోలు వచ్చాక ఊళ్లో కొత్త బట్టలతోపాటు పాత బట్టలు కూడా లేకుండా పోయాయి. చిరిగినవాటినే మళ్లీ మళ్లీ కుట్టి కట్టుకుంటున్నారు.

పైడమ్మ నవ్వలేదు. "నవ్వుతారేటే? పోయినేడు పుష్యమాసంలో దీని పిల్ల సలికే పోనాది. మళ్లీ పుష్యమాసమే వస్తన్నాది."

బొంతను నేను కొన్నాళ్లు కప్పుకుంటే పాతదవుతుంది కదా అన్నాను. పైడమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వా? నీకింకా పుస్తే పడనేదు. నీ ఆయుస్సు ఎవులికి కావాల? నువ్వే అట్టిపెట్టుకో." మళ్లీ నవ్వులు. బొంత బీరువాలోకి వెళ్లిపోయింది.

పుష్యమాసం మొదట్లో అప్పలనరసమ్మకు ఆడపిల్ల పుట్టింది. మంత్రసానితో కలిసి చూడడానికి వెళ్లాను. గడ్డి పరిచి దాని మీద గోనె వేశారు. పిల్లను తండ్రి చిరిగిన తలగుడ్డలో చుట్టారు. పాదాలు ముట్టుకుంటే చల్లగా తగిలాయి. తల్లి పిల్లను గుండెకు హత్తుకుని గోడకు చేరబడి కూర్చుంది. పడుకుంటే చేతులు వదులైపోతాయని భయమట.

బీరువాలో బొంత ఉంది. కాని నమూనా వస్తువును ఎవరికీ ఇవ్వకూడదు. కండెం అయినవాటినే బయటికి పంపాలి. కండెం అంటే, వాడి వాడి పాతబడింది, ఇక పనికిరాదు అని పై అధికారి రాసి సంతకం పెట్టడం. అంటే బొంత పాతదైతే తప్ప ఆఫీసు వదలదు, పైడమ్మ తీసుకోదు. వీళ్లిద్దరూ ఏకమైన విషయం అదొక్కటే.

మర్నాడే తనిఖీ. సుభద్రమ్మగారు చీపురుపల్లి స్టేషనులో దిగి, పెట్రోలు కరువులో బొగ్గుతో నడిపే బస్సులో వణుక్కుంటూ వచ్చారు. ఏడుగురు పిల్లల తల్లి. అందరూ క్షేమం. నుదుట కానీడబ్బంత బొట్టు. ఆవిడ మొహంలోకి నేను తలెత్తి చూడడం అదే మొదటిసారి.

"అమ్మగారూ, చలిగా ఉంది. నమూనా వెచ్చగా ఉందో లేదో మీరే ఒకసారి వాడి చూసి చెబితే బాగుంటుందండీ" అన్నాను. ఆ ఉద్యోగంలో అప్పటిదాకా నేను మాట్లాడినవాటిలో అదే పెద్ద వాక్యం.

ఆవిడ బొంతను భుజాల నిండా కప్పుకుని, "మెత్తగానే ఉందే" అని, హోటలు నుంచి తెప్పించిన కాఫీ అందుకుని, వసారాలోని ఆడవాళ్లకు శుభ్రత గురించి చెప్పడం మొదలుపెట్టారు. పసిపిల్లల బొంత మీద ఒక్క మరక కూడా ఉండకూడదని చెబుతూ చెయ్యి విసిరారు. గ్లాసులో కాఫీ అంతా బొంత మీద పడింది.

 గుమ్మం దగ్గర్నుంచి పైడమ్మ గొంతు వినిపించింది. "పోన్లెండి తల్లీ! పాతదైపోనాది!" ఆ గొంతులో సంతోషం ఎందుకో సుభద్రమ్మగారికి అర్థం కాలేదు.

ఆవిడ నన్ను గదిలోకి పిలిచి, ఇలాంటివాటికి నిబంధన ఏమిటని మెల్లగా అడిగారు. పాడుచేసినవారి జీతంలోంచి పూర్తి ఖరీదు వసూలు చేయాలని చెప్పాను.

"నాలుగు రూపాయలా? ఈ గుడ్డపేలికకా? ఎవరు మంజూరు చేశారు?"

"తమరేనండీ."

వేరే దారి లేదా అన్నారు. వాడకంలో పాతబడిందని తమరు ధ్రువీకరిస్తే వసూలు ఉండదన్నాను. కాఫీ మరక ఆరకముందే ధ్రువీకరణ అయిపోయింది.

కండెం చేసిన వస్తువును బహిరంగంగా వేలం వేయాలి. జనం వసారాలోనే ఉన్నారు. పైడమ్మ కొంగుముడి విప్పి, "అర్ధణా" అంది. వెనకనుంచి గౌరి అనే పడుచు సరదాకి "అణా" అని అరిచింది.

"ఒసే గౌరీ, నోరు ముయ్యి! నీ కడుపులో ఏటైనా ఉన్నాదేటే?"

గౌరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరి పాట రాలేదు. పైడమ్మ బొంతను చంకలో పెట్టుకుని మరో మాట లేకుండా వెళ్లిపోయింది. నేను సాయంత్రం వెళ్లేసరికి పిల్ల బొంతలో నిద్రపోతోంది. పాదాలు వెచ్చబడ్డాయి. పక్కనే అప్పలనరసమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. లేపవద్దని పైడమ్మ నాకు చేత్తోనే సైగ చేసింది. పిల్ల ఆ చలికాలం దాటింది.

వేలంలో వచ్చిన అర్ధణాను మనియార్డరు చేసి విజయనగరం పంపాం. కమీషనుకు అంతకంటే ఎక్కువైంది. ఆ ఏటి నివేదికలో సుభద్రమ్మగారు, నమూనా బొంతను ప్రజలు ఉత్సాహంగా తీసుకుంటున్నారని రాశారు. అది అబద్ధమని చెప్పలేను.

ఆ తర్వాత నేను చాలా ఊళ్లలో, చాలా బీరువాలకు బాధ్యురాలిగా పనిచేశాను. కొత్త సరుకు ఏది వచ్చినా అదే రోజు విప్పి వాడకంలో పెట్టించేదాన్ని. స్టాకును జాగ్రత్తగా ఉంచడం లేదని ఆడిట్ వాళ్లు నా మీద ప్రతి ఏడూ అభ్యంతరం రాసేవారు. ప్రతి ఏడూ జవాబు రాసేదాన్ని. బీరువాలో భద్రంగా ఉన్న వస్తువు ఖరీదు ఎంతైనా, బయట ఉన్న మనిషికి దాని విలువ సున్నా. రాజాంలో నేను నేర్చుకున్న లెక్క ఇది ఒక్కటే. దీనిమీద ఏ ఆడిటరూ అభ్యంతరం నిలబెట్టలేకపోయాడు.