అందరూ దిగండి, స్పీడ్ బ్రేకర్ వచ్చింది

మా అత్త పోయింది. వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీ మీద "ప్రభువునందు నిద్రించారు" అని వేయించారు. అది చూసి నాకు ఏడుపులో కూడా నవ్వొచ్చింది. మా అత్త నిద్రపోయే మనిషి కాదండీ. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చమన్నా "పడుకుంటే లేవడానికి మళ్ళీ మిమ్మల్నే పిలవాలి" అనేది. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, పెరుగన్నం తిని, "ఎండ తగ్గాక బండి తీద్దామే" అని నాతో చెప్పి, వరండాలో కుర్చీలో వెనక్కి వాలింది. ఎండ తగ్గింది. నేను బండి తాళాలు తీసుకుని వెళ్ళి పిలిచా. పలకలేదు.

అత్తంటే మా నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "మీ నాన్నని పెంచాక ఇంకో మగాణ్ణి పెంచే ఓపిక లేకపోయిందే" అనేది, నాన్న వింటుండగానే. నందిగామలో ఆవిడ ఇల్లూ మా ఇల్లూ ఒకే ప్రహరీలో. ఉద్యోగం మాత్రం జగ్గయ్యపేట అవతల పల్లెటూళ్ళో, టీచరు. రిటైరయ్యేదాకా రోజూ బస్సే. ఆ బస్సు కిటికీలోంచి హైదరాబాద్ రోడ్డు మీద పోయే కార్లని చూస్తూ కూర్చోవడం ఆవిడ అలవాటు. రిటైరైన వారానికి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. లైసెన్సు వచ్చిన రోజు మా ఇంటికొచ్చి, మంచినీళ్ళు తాగి, తాపీగా ఓ మాట చెప్పింది. తనకి కారు కావాలట. మామూలు కారు కాదట. నేలకి ఆనుకుని, చప్పుడు చెయ్యకుండా బాణంలా దూసుకుపోయే జర్మనీ కంపెనీ స్పోర్ట్స్ కారట, వెనక సీటు కూడా ఉండాలట. ఆ కంపెనీ వాళ్ళ బళ్ళన్నిటిలో చిన్నది చాలట, సెకండ్ హ్యాండైనా పర్వాలేదట.

నాన్న తింటున్న ముద్ద కంచంలో పెట్టేశాడు.

"అక్కా, నీకేమైనా బుర్ర తిరిగిందా? ఈ వయసులో స్పోర్ట్స్ కారేంటి?"

"ఈ వయసులో కాక ఏ వయసులో రా? నా పాతికేళ్ళప్పుడు నిన్ను బడికి తోలడంతోనే సరిపోయింది."

"శుభ్రంగా కొత్త కారు కొనుక్కో. ఎత్తుగా ఉంటుంది, వారంటీ ఉంటుంది. ఆ బండికి లైటు పగిలితే మన పొలం అమ్మాలి."

"అందుకే పగలగొట్టనులే."

నేనూ నాన్న పక్షమే, ఎందుకు దాచాలి? సెకండ్ హ్యాండు లగ్జరీ బండంటే పెళ్ళికొడుకు అందంగా ఉన్నాడని వివరాలు కనుక్కోకుండా ముహూర్తం పెట్టుకోవడమేనని నా అభిప్రాయం. సర్వీసింగుకి విజయవాడ పోవాలి, ఏ పార్టు పోయినా నెలల తరబడి ఎదురుచూడాలి. అన్నీ చెప్పా. అత్త మొత్తం విని, "అమ్మడూ, అంత ఎత్తు బస్సులో కూర్చుని అన్నేళ్ళు కిందకి చూసా. కింద పోయేవాళ్ళే హాయిగా పోతున్నారు. నాకు ఎత్తొద్దు" అంది. నేను పక్షం మార్చేశా. నాన్న మాత్రం పంతం పట్టాడు. "కొనుక్కో. నేను మాత్రం అందులో చచ్చినా ఎక్కను" అన్నాడు. అత్త మొహం అప్పుడు చిన్నబోయింది. ఆవిడకి ముందు సీట్లో తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని తిప్పాలని ఉందని ఆ క్షణంలో నాకు అర్థమైంది. ఆయనకి అర్థం కాలేదు.

బండి చూడ్డానికి హైదరాబాద్ వెళ్ళాం. అత్త, నేను, జగ్గయ్యపేట మెకానిక్ భాయ్. భాయ్ ఇంట్లో పిల్లలంతా అత్త దగ్గర చదువుకున్నవాళ్ళే, కాబట్టి పిలవగానే షాపు మూసేసి వచ్చాడు. అమ్మేవాడు సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఎర్ర కారు. మబ్బుగా ఉన్న పూట కూడా నిగనిగలాడుతోంది. భాయ్ బండి కింద దూరాడు. అత్త ముందు తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు విని, మళ్ళీ తీసి వేసింది. కింద పరిచిన కార్పెట్ పైకెత్తి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. వరదలో మునిగిన బండైతే బురద కంపు పోదని ఎక్కడో విందట. ఆ తర్వాత కుర్రాణ్ణి ఎదురుగా నిలబెట్టి మొదలుపెట్టింది.

"ఎందుకు అమ్ముతున్నావు నాయనా?"

"మా ఆవిడకి ఏడో నెలండీ. ఇందులో కూర్చుంటే లేవలేకపోతోంది."

"ఎవరైనా గుద్దారా? నువ్వెవరినైనా గుద్దావా?"

వాడు ఓసారి నా వంక, ఓసారి భాయ్ కాళ్ళ వంక చూశాడు. "రివర్సులో గోడకి తగిలిందండీ. వెనక బంపరు మార్పించా."

"నిజం చెప్పావు, పాస్" అంది అత్త.

భాయ్ బట్టలు దులుపుకుంటూ బయటికొచ్చి "బండి మంచిదేనమ్మా, మన రోడ్లే మంచివి కావు" అన్నాడు. అత్తకి మొదటి సగమే వినబడింది.

తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ అత్తదే. సూర్యాపేట దాటాక కాస్త తొక్కి చూసింది. సీటు మా వీపుల్ని వెనక్కి లాక్కుంది. అత్త నోటి నుంచి "ఓరి నాయనో" అని ఒక్క మాట, ఆ తర్వాత చిన్నపిల్లలా కిలకిలమని ఒకటే నవ్వు. అన్నేళ్ళుగా ఆవిడ నవ్వు విన్నా గానీ ఆ నవ్వు నాకు కొత్త. గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర దాబాలో టీకి ఆగాం. అక్కడ తెలిసింది, బండి దిగడం ఆవిడ వల్ల కాదని. మోకాళ్ళు ససేమిరా అన్నాయి. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి భాయ్ పట్టుకుంటే, బండి చూడ్డానికొచ్చిన లారీ డ్రైవరొకాయన వెనక నుంచి "హైలెస్సా" అన్నాడు. లేచి, చీర సర్దుకుని, "కూర్చోవడం నాకొచ్చు. లేపడం మీరు నేర్చుకోండి" అంది. ఆ మాట చివరిదాకా మా ఇంట్లో అందరికీ హుకుమే.

అసలు కథ ఇంటి దగ్గరుంది. మా గేటుకి ఇవతల ప్రాథమిక పాఠశాల, దాని ముందు ఒక స్పీడ్ బ్రేకరు. స్పీడ్ బ్రేకరంటే అలాంటిలాంటిది కాదు, పడుకున్న గేదంత ఉంటుంది. వీధి చివర పాస్టరు గారు, చర్చి స్త్రీల సమాజం వాళ్ళు, ఎదురింటి పిన్నిగారు అందరూ బండి ప్రార్థనకి కాచుకుని ఉన్నారు. మెయిన్ రోడ్డు మీదే స్త్రీల సమాజం అమ్మగార్లు ఇద్దరు ఎదురొచ్చి, బండెక్కి ఊరేగింపుగా వస్తామన్నారు. ఎక్కించుకున్నాం. మొత్తం ఐదుగురం. ముందు చక్రాలు స్పీడ్ బ్రేకరు ఎక్కి దిగాయి. ఆ వెంటనే కింద నుంచి గర్ర్ర్‌మని చప్పుడు. బండి పొదిగే కోడిలా దాని మీద కూర్చుండిపోయింది.

ముందుకి పోదు, వెనక్కి రాదు. మా నాన్న గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంత ఎత్తు ఎవడు వేయించాడండీ, బుద్ధి లేకుండా?" అన్నాడు ఆ వీధికి కొత్తగా వచ్చిన ఒకాయన.

అందరూ అత్త వంక చూశారు. ఎందుకంటే వేయించింది ఆవిడే. కొన్నేళ్ళ కిందట ఒక బైకువాడు బడి పాపని గుద్ది కాలు విరగ్గొడితే, మున్సిపాలిటీ చుట్టూ తిరిగి తిరిగి సాధించింది. మేస్త్రి సిమెంటు వేస్తుంటే పక్కనే కుర్చీ వేసుకుని "ఇంకొంచెం ఎత్తు పెట్టు, ఇంకొంచెం" అని దగ్గరుండి పెట్టించింది. కారు కొనేటప్పుడు ఇంజను చూశాం, టైర్లు చూశాం, కార్పెట్ వాసన చూశాం. రోజూ కాళ్ళకి తగిలే స్పీడ్ బ్రేకరు ఒక్కరికీ గుర్తు రాలేదు!

"నేనే వేయించా నాయనా" అని అత్త కిటికీలోంచి చెప్పి, పగలబడి నవ్వింది. దాంతో వీధంతా నవ్వింది. "పాస్టరు గారూ, ప్రార్థన ఇక్కడే కానివ్వండి. బండికి ఇప్పుడే అవసరం" అంది. మేమంతా దిగాం. అత్త దిగలేదు, దిగనూ లేదు. పాస్టరు గారు ప్రార్థించారు, మేం "ఆమెన్" అన్నాం, అత్త కాలు నొక్కింది, బండి గర్ర్‌మని గీరుకుంటూ అవతలికి దూకింది. పాస్టరు గారు కాస్త అటు తిరగ్గానే ఎదురింటి పిన్నిగారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టేసింది. అత్త వాటినీ తొక్కించింది. ఎవరి నమ్మకాన్నీ చిన్నబుచ్చడం ఆవిడకి తెలీదు.

మర్నాడు మేస్త్రి వచ్చాడు. "రెండు దెబ్బలేస్తే తగ్గిపోద్దండీ, ఎవరూ ఏమీ అనరు" అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "పిల్లలు ఇటే కదరా పోయేది. నా ముచ్చట కోసం వాళ్ళ కాళ్ళ మీదికి తెస్తానా?" అంది. బండి అమ్మేస్తావా అని నేనడిగితే నన్ను తినేసేలా చూసింది. బండీ ఉండాలి, స్పీడ్ బ్రేకరూ ఉండాలి. అదీ ఆవిడ తీర్పు.

అలా మా వీధిలో ఒక పద్ధతి తయారైంది. ఎర్ర బండి బడి దగ్గరికి రాగానే అత్త "అందరూ దిగండి, స్పీడ్ బ్రేకర్ వచ్చింది" అని కేకేసేది. అందరూ దిగి, నడిచి దాటి, అవతల మళ్ళీ ఎక్కేవాళ్ళు. భాయ్ చెప్పినట్టు బండిని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించేది. అప్పుడు కూడా అత్త ఒక్కదాని బరువుకే కింద కాస్త గీరుకునేది. గీరుకోగానే అత్త "ఆమెన్" అనేది. రోడ్డు మీదున్నవాళ్ళూ అనేవాళ్ళు. బడి పిల్లలైతే గేటు పట్టుకుని వేలాడుతూ దానికోసమే ఎదురుచూసేవాళ్ళు.

మరి నాన్న? ఎక్కనన్నవాడు ఎక్కలేదు. కానీ తెలంగాణ నంబరు మార్పించడానికి ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే. పొద్దున్నే బండి తుడిచేది ఆయనే. హారన్ వినబడితే చాలు, చేస్తున్న పని వదిలేసి వచ్చి, స్పీడ్ బ్రేకరు పక్కన ఒంగుని, బండి కిందకి చూస్తూ "రా... రా... కొంచెం ఎడమకి... పోనీ" అని దాటించేవాడు. "ఒక్కసారి ఎక్కరా, వేదాద్రి దాకా పోయొద్దాం" అని అత్త అడిగితే "నేనెక్కితే కింద చూసేదెవరు?" అనేవాడు. ప్రతిసారీ అదే మాట. ముందు సీటు మీద మాత్రం అత్త సంచి ఎప్పుడూ ఉండేది. ఎవరైనా అక్కడ కూర్చోబోతే "వెనక ఖాళీ ఉందిగా" అనేది.

ఆ బండిలో ఆవిడ తిరగని చోటు లేదు. చెవిటికల్లులో ప్రార్థన కూడికంటే స్త్రీల సమాజాన్ని వేసుకుని బయల్దేరేది. పిన్నిగారికి మొక్కుందంటే వేదాద్రి తీసుకెళ్ళి, ఆవిడ నరసింహస్వామి దర్శనానికి పోతే తను కృష్ణ ఒడ్డున కూర్చుని, "దర్శనం నీకు, పులిహోర నాకు" అనేది. మోకాళ్ళు బాగా మొరాయించాక స్టీరింగ్ నాకిచ్చింది. అప్పుడు సంచి ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో తనే కూర్చుంది. నేను నెమ్మదిగా పోతుంటే "అమ్మడూ, దీన్ని కొన్నది ఎడ్లబండి వెనక పోవడానికి కాదే" అని సతాయించేది. ఆవిడ పక్కన కూర్చుని నేను నేర్చుకున్నది డ్రైవింగ్ కాదు. ఇష్టమైనదాన్ని ఇష్టమని చెప్పడానికి సిగ్గుపడక్కర్లేదని నేర్చుకున్నా. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో మాత్రం ఎదురుగా చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నా.

అత్త పోయాక ఇంటివాళ్ళని ఓదార్చడానికి చర్చిలో పెట్టిన ఆదరణ కూడిక రోజున బండి తీసుకుని ఒక్కదాన్నే చర్చికి బయల్దేరా. స్పీడ్ బ్రేకరు ఏటవాలుగా ఎక్కించా. దాటేశా. కింద ఏమీ గీరుకోలేదు. ఆ చప్పుడు లేకపోవడం నాకు అస్సలు నచ్చలేదండీ.

కూడిక అయ్యాక స్త్రీల సమాజం అమ్మగార్లు ఇద్దరినీ, పిన్నిగారినీ భోజనాలకి ఇంటికి తీసుకొస్తున్నా. బడి దగ్గరికి రాగానే ముగ్గురూ అలవాటుగా తలుపుల మీద చేతులు వేశారు. "దిగకండి, కూర్చోండి" అన్నా. నాన్న ముందే నడిచి వచ్చేశాడు. తెల్ల చొక్కాతో స్పీడ్ బ్రేకరు పక్కన ఒంగుని, కళ్ళు తుడుచుకుంటూనే "రా... రా..." అంటున్నాడు.

నేను బండి ఆపి, ఎడమ తలుపు తీశా. "ఎక్కు నాన్నా."

"నేనెక్కితే కింద చూసేదెవరే?"

"ఎవరూ చూడక్కర్లేదు. గీరుకోనీ. ఎక్కు."

చాలాసేపు ఆ ఖాళీ సీటు వంక చూశాడు. తర్వాత తల వంచి, మోకాళ్ళు పట్టుకుని, నెమ్మదిగా అందులోకి దిగాడు. ఆయన కూర్చోగానే బండి ఇంకాస్త కిందకి కుంగింది. స్టీరింగ్ తిప్పి ఏటవాలుగా ఎక్కించా. గర్ర్ర్‌మని, అడుగున మొదటి నుంచి చివరిదాకా, వీధంతా వినబడేలా గీరుకుంది. వెనక సీటు మొత్తం "ఆమెన్" అంది, అందరికన్నా గట్టిగా ఎదురింటి పిన్నిగారే. గేటు దగ్గర పిల్లలూ అన్నారు.

నాన్న పైన పిడి పట్టుకుని కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నా. తిరిగి చూస్తే, కళ్ళ నిండా నీళ్ళతో నవ్వుతున్నాడు.

"వెనక్కి తియ్యవే" అన్నాడు. "ఇంకోసారి పోనీ."

పిల్లలు మళ్ళీ గేటెక్కారు. నేను రివర్స్ వేసా.