వదిన దాచిన నొప్పి

బైండింగ్ షాపులో అందరూ ఆమెను దబ్బనమక్క అనేవారు. పుస్తకాల ఫారాలను, అంటే మడతపెట్టిన అచ్చు కాగితాలను, దబ్బనంతో కుట్టడం ఆమె పని. నోరు కూడా అంత పదునే. ఇరవై రెండేళ్లుగా కిటికీ పక్కన అదే బల్ల ఆమెది. నలభై అయిదో ఏట కుడి రొమ్ములో గడ్డ తేలింది. తీసెయ్యాలన్నారు డాక్టర్లు. "ప్రాణం పోయినా సరే, కత్తి పెట్టనివ్వను" అని ఆమె మొండికేసింది.

అప్పుడు మేడమీది వాటాలో ఉండే అన్నగారి భార్య దిగి వచ్చింది. ఆ వదినకు మూడేళ్ల ముందే అదే ఆపరేషన్ అయింది.

"నన్ను చూడు. ఆర్నెల్లు లాగుతుంది, అంతే. తర్వాత అక్కడేదో జరిగిందన్న సంగతే గుర్తుండదు. ఒట్టు!" అని చేతిలో చెయ్యి వేసింది.

ఆ చెయ్యి పట్టుకునే దబ్బనమక్క ఆపరేషన్ గది గుమ్మం దాకా నడిచింది.

జబ్బు నయమైంది. ఏటేటా చేసే పరీక్షల్లో తిరగబెట్టలేదనే తేలింది. మచ్చ దగ్గర మంట మాత్రం వదల్లేదు. దారం లాగి ముడి బిగించిన ప్రతిసారీ చంక కింద నుంచి మోచేతి దాకా నిప్పు పాకినట్టుండేది. కొన్ని రోజులు ఒంటి మీది గుడ్డ తగిలినా ప్రాణం విలవిల్లాడేది.

ఆ మాటెత్తితే భర్త విసుక్కునేవాడు. "మీ వదినని చూసి నేర్చుకో. ఆవిడా చేయించుకుంది. ఏనాడైనా అబ్బా అందా?"

"మనసులో పెట్టుకోకమ్మా, పనిలో పడితే అదే పోతుంది" అని వదిన కూడా నవ్వేది.

దాంతో ఆమెకు తన మీదే అనుమానం పట్టుకుంది. ఇది నిజంగా నొప్పేనా, తనకే మతి చెడిందా? డాక్టర్ని అడగడానికి కూడా సిగ్గుపడింది.

ఆరో ఏడు ఒక సోమవారం కుడుతుండగా చెయ్యి బిగుసుకుపోయింది. దబ్బనం జారి ఎడమ బొటనవేలిలో దిగింది. షాపు యజమాని రక్తం చూసి, "రేపు పనిలోకి రావద్దు. ముందు ఆ చెయ్యి సంగతి చూపించుకో" అని కసిరాడు. మర్నాడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పెద్దాసుపత్రిలో నొప్పుల విభాగానికి వెళ్లింది.

వరండాలో బెంచీ మీద, ఒళ్లో లావుపాటి ఫైలు పెట్టుకుని వదిన కూర్చుని ఉంది.

దబ్బనమక్కను చూడగానే లేవబోయింది. ఇంతలో నర్సు తలుపులోంచి తొంగి చూసి, చుట్టాన్ని పలకరించినట్టు వదినను పలకరించింది. "ఏమ్మా, మచ్చ నొప్పికి పాత మాత్రలే రాయించమంటారా?"

"ఎన్నేళ్లుగా వస్తున్నావు?" అంది దబ్బనమక్క.

వదిన ఫైలు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "ఎనిమిదేళ్లు."

"మరి నాకు ఒట్టేశావే!"

"నిజం చెబితే నువ్వు ఆపరేషన్‌కి ఒప్పుకునేదానివా? చచ్చిపోతావేమోనని భయమేసింది."

"అది సరే. దానికి నీ కాళ్లకు దణ్ణం పెడతాను. తర్వాత ఈ ఆరేళ్ల మాటేంటి వదినా? నేను ఏడుస్తుంటే మనసులో పెట్టుకోకన్నావే. నాకు పిచ్చెక్కిందనుకున్నాను."

వదిన ఫైలు తాడు విప్పి మళ్లీ ముడేసింది. "అందరూ నన్ను గుండెదిటవు గలదంటారు. మీ అన్నయ్య పదిమందిలో చెప్పుకుంటాడు. ఆ మాట పోతుందేమోనని..."

"నీ పేరు నిలబెట్టుకోడానికి నా నోరు నొక్కావన్నమాట."

కోతపడిన నరాలు అలాగే మంట పెడతాయని, చాలామందికి ఉండేదేనని డాక్టరమ్మ చెప్పింది. మచ్చ మీద మర్దనా, చేతికి వ్యాయామాలు, రోజూ పడుకునే ముందు ఒక మాత్ర రాసింది. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేదు. అలా మాటివ్వనందుకే దబ్బనమక్కకు అక్కడికక్కడ ఏడుపొచ్చేసింది.

ఇంటికెళ్లి భర్తకు అంతా చెప్పింది. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. "పాపం, ఇన్నేళ్లూ ఆవిడ ఎంత ఓర్చుకుందో!" అన్నాడు.

ఆమె వడ్డిస్తున్న గరిటె గిన్నెలోనే వదిలేసి లేచిపోయింది. మరి నేను, అని అడగాలనుకుంది. అడిగి చెప్పించుకునే జాలి తనకెందుకని ఊరుకుంది.

నాలుగు నెలలకు మంట సగానికి సగం తగ్గింది. మునుపటంత గబగబా కాకపోయినా ఫారాలు కుడుతోంది. ఒక ఉదయం వదిన మెట్ల మీద ఎదురై, "మంగళవారం ఆసుపత్రికి ఇద్దరం కలిసి వెళ్దామా? తోడుగా ఉంటుంది" అంది.

"నేను గురువారానికి మార్చుకున్నాను వదినా. నువ్వు వెళ్లిరా" అని దబ్బనమక్క పక్కకు తప్పుకుని కిందికి దిగిపోయింది.