మిరపకాయల ఫోటోలో గొడుగు

ఒక గొడుగు, ఒక గ్లాసు టీ, ఒక గుట్ట ఎండు మిరపకాయలు కలిసి మా నాన్న ఉద్యోగాన్ని మింగబోయిన కథ చెబుతాను. ఆ మూడింటినీ ఒకచోట చేర్చిన ఘనుణ్ణి నేనే. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఎనభైల్లో సంగతి. మాది నరసరావుపేట. అప్పటికి నాకు మీసం సరిగా రాలేదు గానీ, గ్రంథాలయం పుణ్యమా అని జ్ఞానం మాత్రం పొంగి పొర్లేది. కోళ్ళ పెంపకం నుంచి గ్రహణాల దాకా ఏది అడిగినా చెప్పేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి. ఆ వేసవిలో నాకు ఫోటోగ్రఫీ పుస్తకం ఒకటి దొరికింది. చివరి పేజీలు ఎవరో చించుకుపోయారు. పోతే పోయాయి, మిగతావి చాలనుకున్నాను. మన వీధిని మించిన చిత్రం లేదనీ, మంచి ఫోటో ఆల్బంలో ముడుచుకోకుండా గోడ ఎక్కాలనీ అందులో రాశారు. అంతే, మిలటరీలో ఉన్న మేనమామ దగ్గర్నుంచి కెమెరా తెచ్చుకుని, నలుపు తెలుపు రీలు వేసుకుని వీధిలో పడ్డాను.

సరిగ్గా అప్పుడే మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డులో ఒకవైపు నూనె మిల్లు వీరయ్యగారు, మరోవైపు వీధి చివరింటి లక్ష్మయ్యగారు నిలబడ్డారు. మా నాన్న వీరయ్యగారి మిల్లులో గుమాస్తా, ఆయనకు కుడిభుజం. లక్ష్మయ్య అరుగు వైపు తలపెట్టి కూడా పడుకోనని నాన్న పదిమందిలో ఒట్టు పెట్టుకున్నాడు. ఆ రోజుల్లో ఎవరు ఎవరి అరుగు మీద కూర్చున్నారో వీధంతా కనిపెడుతూ ఉండేది. అలాంటి వీధిలో కెమెరా పట్టుకుని తిరగడమంటే కల్లంలో కాగడా పట్టుకుని తిరగడమే. పుస్తకంలో ఆ సంగతి లేదు మరి. బహుశా చిరిగిన పేజీల్లో ఉండి ఉంటుంది.

ఎదురింటి నాగరత్నమ్మ అత్తయ్య వాకిట్లో మిరపకాయలు ఎండబోసి తాలుకాయలు ఏరుతోంది. చాటున నిలబడి కెమెరా ఎత్తాను.

"ఒరేయ్! ఎవురికి తీస్తన్నావురా ఫోటో? అరుగు ముందుకొచ్చిందని మునిసిపాలిటోళ్ళకి చూపిచ్చటానికా?"

"కాదత్తయ్యా, ఇది కళ."

"కళో గిళో, నా అరుగు మీద చెయ్యి పడిందో నీ కళ్ళల్లో కారం కొడతా!"

ఇక్కడ నా పాండిత్యం గురించి ఒక ముక్క చెప్పాలి. కెమెరాలో వెలుగు వచ్చే రంధ్రం ఎంత పెద్దదైతే వెనకున్నవన్నీ అంతగా మసకబారిపోతాయని చదివాను. నాకు అత్తయ్య చాలు, వెనక ఉన్న వీధి అక్కర్లేదు. కెమెరా మీద రెండు మొదలుకుని పదహారు దాకా అంకెలున్నాయి. రెండుకంటే పదహారు పెద్దదని పలకాబలపం పట్టినవాడికైనా తెలుసు కదా! పదహారు మీద పెట్టి నొక్కేశాను.

స్టూడియోలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, మా ముందుగది గోడకు తగిలించాను. వెనకంతా మసకే కదా అని అటు చూడనే లేదు. ఎర్రటి మిరపకాయలు బొగ్గు ముక్కల్లా వచ్చాయి. అయినా, అత్తయ్య అనుమానం తీరాలని వీధిలో అందరినీ పిలిచాను. వీరయ్యగారు కూడా వచ్చారు. చేతిలో ఎప్పుడూ ఉండే నల్ల గొడుగు, దాని మీద అరచేయంత తెల్లగుడ్డ అతుకు.

అత్తయ్య ముందుగా తన అరుగు చూసుకుంది. తర్వాత మెల్లగా వెనక్కి, వెనక్కి, ఫోటో లోపలికి వెళ్ళిపోయింది.

"ఏందిరా, మన వీధి చివరిదాకా అద్దంలో లెక్క కనపడతంది! అదిగో లక్ష్మయ్య అరుగు. దాని మీద గ్లాసు పట్టుకుని కూసుంది... మీ నాన్న గదా?"

నాన్న ముఖం ఫోటోలో నల్లగా ఉంది, బయట తెల్లగా ఉంది.

"మసక... మసకబారాలి కదా!" అన్నాను నేను. ఎవరూ పట్టించుకోలేదు.

వీరయ్యగారు దగ్గరికి వచ్చి చూశారు. "ఏందయ్యా సుబ్బారావ్! తలపెట్టి పడుకోనన్నావు. కూసుని టీ తాగనని మాత్రం అన్లేదు, నిజమే. రేపు మిల్లు తాళాలు ఇచ్చిపో."

అమ్మ తలుపు పట్టుకుంది. నాన్న నోరు తెరిచాడు గానీ, మాట రాలేదు.

"ఉండండి, ఉండండి," అంది అత్తయ్య, ముక్కు అద్దానికి ఆనించి. "లక్ష్మయ్య గుమ్మానికి గొడుగు ఆనిచ్చుంది. తెల్ల అతుకు! వీరయ్యా, ఆ అతుకు కుట్టింది నేనే గదయ్యా?"

అందరూ ఫోటోలోని గొడుగును చూశారు. తర్వాత వీరయ్యగారి చేతిలోని గొడుగును చూశారు. నాన్న అరుగు మీదే కూర్చున్నాడు. గొడుగాయన గుమ్మం దాటి లోపలికే వెళ్ళాడు.

వీరయ్యగారు గొడుగును వీపు వెనక్కి తిప్పుకున్నారు. ఒక్కసారి దగ్గి, నాన్న భుజం మీద చెయ్యేశారు.

"పిచ్చిదానా, గొడుగు సుబ్బారావుకి నేనే ఇచ్చా. వాళ్ళ గుట్టు కనుక్కోమని పంపిచ్చిందీ నేనే. ఇప్పుడు వీణ్ణి పరీచ్చిచ్చా. ఎంత నమ్మకస్తుడో చూడు, తాళాలు ఇచ్చిపొమ్మన్నా నోరు ఇప్పలా!"

"అవునవును," అన్నాడు నాన్న, అప్పటికి మాట వచ్చి.

"మరి లోపల గుట్టు నీకేం తెలిసింది సుబ్బారావన్నా?" అంది అత్తయ్య.

"టీలో చక్కెర చానా ఎక్కువ," అన్నాడు నాన్న.

వెళ్తూ వెళ్తూ వీరయ్యగారు ఫోటోను చంకన పెట్టుకుపోయారు. మళ్ళీ దాన్ని ఎవరూ చూడలేదు. ఎన్నికల్లో ఎవరు గెలిచినా మా వీధికి కొత్త కొళాయి రాలేదు, మా నాన్న ఉద్యోగం మాత్రం నిలిచింది. కాకపోతే ఆయనా, వీరయ్యగారూ ఒకరినొకరు ఎప్పుడూ ఓరకంటనే చూసుకునేవారు. రంధ్రం పెద్దదైతే అంకె చిన్నదవుతుందని స్టూడియో ఆయన చెప్పేదాకా నేను ఆ కెమెరానే అనుమానించాను.

అందుకే, నా గ్రంథాలయం కార్డు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: బతికున్నంతకాలం మనుషులను, అరుగులను, మిరపకాయలను ఫోటో తీయను. తీస్తే కోటప్పకొండనే తీస్తాను. కొండ ఎవరింట్లోనూ టీ తాగదు. ఆ కొండ ఫోటో ఒకటి మా గోడకు తగిలించాను కూడా. మా నాన్న మాత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కళ్ళజోడు తుడుచుకుని, కొండ కింద ఎవరైనా కూర్చున్నారేమోనని వెతుకుతూనే ఉండేవాడు.