మేస్త్రమ్మ తువ్వాలు

మా మిరపకోత ముఠాకు మేస్త్రి ఆవిడే. ఎవరు నడుం నొప్పన్నా భుజం మీది తువ్వాలు తీసి, వెనక మోకాలు ఆనించి మరీ నడుం చుట్టూ బిగించి కట్టేది. "ఇంక పోద్దిలే, సాలు పట్టు" అని కోయాల్సిన మొక్కల వరస చూపించేది.

నేను కడుపుతో ఉన్న మూడో నెలలో నాకూ కట్టింది.

"రక్తం కనపడతంది పెద్దమ్మా, ఆస్పత్రికి పోతా."

"ఏందే, లోకంలో నువ్వొక్కదానివే కంటన్నావా? సాలు అయ్యాక పో."

అయ్యాకే వెళ్లాను. "నడుం నొప్పితో పాటు రక్తం కనపడితే అప్పటికప్పుడు రావాలని తెలీదా?" అని నర్సు కసిరింది. కడుపు పోయింది.

పదిహేను రోజులకు మళ్లీ కోతకెళ్లాను. నేను నడుం పట్టుకోవడం చూసి ఆవిడ తువ్వాలు తీసింది.

"ఈసారి ఇంకా గట్టిగా కడతా. ఇప్పుడు లోపలేం లేదుగా."

కట్టించుకోవడానికి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను.